నియంతకు జీతం దండగ

టీనేజి పిల్లల కోసం భవిష్యత్ నరకాల (డిస్టోపియా) నవలలు రాయబోతున్న విశాఖ రచయితలు అమెరికా మూసను యథాతథంగా తెచ్చుకోవద్దని మనవి. ఆ మూస అందరికీ తెలిసిందే. పదహారేళ్ల అమ్మాయి ‘నేను’ అంటూ వర్తమాన కాలంలో కథ చెబుతుంది. ఒక దుర్మార్గపు ప్రభుత్వం, ప్రాణాల మీదికొచ్చే ఒక పోటీ, ఇద్దరు అబ్బాయిలు, మూడు భాగాలు. మొదటి భాగంలో తప్పించుకుంటుంది, రెండో దాంట్లో మళ్లీ చిక్కుతుంది, మూడో దాంట్లో ప్రభుత్వం కూలుతుంది. అక్కడ లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. ఇక్కడ మాత్రం పాఠకురాలు పదో పేజీలోనే ‘ఈ ప్రభుత్వానికి పని చేతకాదు’ అని పుస్తకం మూసేస్తుంది.

ఆమె తప్పేం లేదు. 2008లో వచ్చిన ‘ది హంగర్ గేమ్స్’నే చూడండి. చావు పోటీకి పిల్లల్ని ఎంచే లాటరీలో పన్నెండేళ్లు వచ్చిన పిల్లకు ఒక చీటీ. ఏటా ఒకటి పెరిగి, పద్దెనిమిదో ఏటికి ఏడవుతాయి. ఇంట్లో గింజలు లేకపోతే ఒక్కో మనిషికి ఏడాది ధాన్యం, నూనె ఇచ్చి, బదులుగా ఒక్కో చీటీ అదనంగా వేస్తారు. కథానాయిక తనకూ తల్లికీ చెల్లికీ కలిపి ఏటా మూడు చొప్పున అయిదేళ్లు తీసుకుంది కాబట్టి, పదహారో ఏట ఆమె పేరున 20 చీటీలున్నాయి. ఈ లెక్క రాసుకుని గోడకు అంటించుకోండి. పీడన అంటే కొరడా కాదు, రేషన్ అని పాఠకుడికి ఒక్క కూడికతో తెలిసిపోయింది.

పరిపాలన మాత్రం అధ్వానం. పన్నెండు జిల్లాలు గాలించి ఏడాదికి పట్టేది 24 మందిని. మన ఇంటర్ కాలేజీలో ఒక సెక్షన్‌కి చాలరు. ఆ పాతిక మంది లోపు పిల్లల కోసం సాయుధ బలగాలు, ప్రత్యేక రైలు, ఊరందరి ఏడుపు! మన దగ్గర కన్నవాళ్లే పరుపు, బకెట్టు, ఆవకాయ సీసా మోసుకొచ్చి మధురవాడ హాస్టల్ గేటు దగ్గర పిల్లను దింపి, మొదటి టర్మ్ ఫీజు కట్టి, రసీదు జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటారు. బలగాలూ అక్కర్లేదు, నియంతా అక్కర్లేదు.

2011 నాటి ‘డైవర్జెంట్’ పాలకులు ఇంకా అమాయకులు. షికాగో జనాన్ని అయిదు వర్గాలుగా చీల్చి, పదహారేళ్లకు పరీక్ష పెట్టి, ఆ తర్వాత ‘నీకు నచ్చిన వర్గం నువ్వే ఎంచుకో’ అని నిర్ణయం పిల్ల చేతిలో పెట్టారు. వ్యవస్థ కూలక ఏమవుతుంది? మన ఇంటర్ గ్రూపుల్లోనూ ముఖ్యమైనవి అయిదే: ఎంపీసీ, బైపీసీ, ఎంఈసీ, సీఈసీ, హెచ్ఈసీ. పదో తరగతి పరీక్షలు కాకముందే కాలేజీలో పిల్లల్ని చేర్పించే పీఆర్వో ఇంటికి ఫోన్ చేస్తాడు, నాన్నగారు ఎంచుకుంటారు. తిరుగుబాటుదారుల రహస్య స్థావరం ఎక్కడ పెట్టాలా అని తల పట్టుకున్న రచయితలకు హెచ్ఈసీని సిఫారసు చేస్తున్నాం. ఏ పీఆర్వో అటు తొంగిచూడడు.

కాబట్టి విలన్ విషయంలో జాగ్రత్త. తెల్లగడ్డం అధ్యక్షుణ్ణి పెడితే గాజువాక పిల్ల ఆవులిస్తుంది. విలన్ ప్రేమగా ఉండాలి. స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టు చేసి, పొద్దున్నే వచ్చి, టిఫిన్ చెయ్యకుండా కూతురి పక్కన కూర్చోవాలి.

“నీ ఇష్టమే తల్లీ. బలవంతం ఏమీ లేదు. బాగా ఆలోచించుకో.”

“నాకు బొమ్మలెయ్యడం...”

“అదే అంటున్నాను, ఆలోచించుకో. అడ్వాన్సు కట్టేశాను.”

ఇక్కడ ఆశ్చర్యార్థకాలు వాడకండి. విలన్ గొంతు పెంచితే పాఠకురాలికి ఎదురుతిరిగే వీలు దొరుకుతుంది, కథ అక్కడితో అయిపోతుంది. ఇద్దరు అబ్బాయిల సంగతి కూడా మరిచిపోండి. గర్ల్స్ క్యాంపస్‌లోకి ఒక్కణ్ణి తీసుకురావడానికే ఒక భాగం ఖర్చవుతుంది. అధ్యాయాల విభజనకు మాత్రం ఇబ్బంది లేదు, వ్యవస్థే చేసిపెట్టింది: ఆదివారం పరీక్ష, రాత్రికి నాన్న ఫోన్‌లో ర్యాంకు, సోమవారం సెక్షన్ మార్పు. వారానికొక అధ్యాయం. 75 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు ఒకటి కోత అనే జేఈఈ మెయిన్ లెక్కను అలాగే వాడుకోండి. ఇంతకన్నా పదునైన ఆయుధం ఊహించబోతే నవల అతిశయోక్తి అవుతుంది.

ఎక్కువ మంది దెబ్బతినేది ఊరిని వాడుకోవడంలో. క్లైమాక్స్‌లో కురుసుర జలాంతర్గామిలో పారిపోయే సీన్ దయచేసి రాయకండి. అది 2002 నుంచి మ్యూజియం, ఒడ్డున దిమ్మెల మీద కూర్చుంది, కదలదు. రహస్య సమావేశం ఆర్కే బీచ్‌లో పెడితే రెండో వాక్యానికల్లా మురీ మిక్చర్ అబ్బాయి వచ్చేస్తాడు. విల్లూ బాణంతో కంబాలకొండ ఎక్కిద్దామంటే టిక్కెట్టు కౌంటరు దాటాలి. ఊరి గొంతు నిజంగా పట్టుకోవాలనుకునే నియంత ఉంటే అతను కలెక్టరాఫీసు మీద పడడు. విశాఖకు నీళ్లు తెచ్చే ఏలేరు కాలువ గేటు దగ్గర ఇద్దరిని కూర్చోబెడతాడు, అంతే. ఏ రిజర్వాయరు నుంచి ఏ పేటకు నీళ్లొస్తాయో తెలుసుకోకుండా విశాఖ మీద డిస్టోపియా రాయడం కుదరదు.

ప్రళయం కోసం అణుయుద్ధం దాకా పోనక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. ఆ మర్నాడు ఊరెలా ఉందో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. కరెంటు లేదు, సెల్ సిగ్నల్ లేదు, పెట్రోలు బంకు దగ్గరా పాలబూత్ దగ్గరా క్యూలు, కొండల మీద ఆకు మిగలని చెట్లు. ఏది ముందు ఆగిందో, ఏది ఆఖర్న తిరిగొచ్చిందో ఆ వరస రాసుకోండి. మీ రెండో భాగానికి వెన్నెముక అదే. విషవాయువు అధ్యాయం మాత్రం వద్దు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో గ్యాసు లీకై ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలోంచి లేచి పరుగెత్తింది. స్టైరీన్ అనే మాట అక్కడి పిల్లలకు కెమిస్ట్రీ క్లాసులో తెలిసింది కాదు.

మూడో భాగంలో ప్రభుత్వం కూలాలి కదా, కూల్చండి. కానీ మర్నాడు ఏం జరుగుతుందో రాయకుండా ‘సమాప్తం’ అనకండి. కొత్త ప్రభుత్వం పాత పరీక్షకు కొత్త పేరు పెడుతుంది. నమ్మశక్యంగా లేదనే విమర్శకులకు మన ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష ఎంసెట్ 2021లో ఈఏపీసెట్ అయిన సంగతి చూపించండి. పేరు మారింది, 160 ప్రశ్నలు 160గానే ఉన్నాయి.

ఇక అచ్చు సంగతి. మూడు భాగాలూ కలిపి 120 పేజీలు దాటనివ్వకండి. పదో తరగతి ఆఖరి పరీక్షకూ బ్రిడ్జి కోర్సుకూ మధ్య పాఠకురాలికి ఉండే తీరిక అంతే, అందులోనూ ఒక పెళ్లి ఉంటుంది. రంగుల అట్ట, నగరం తగలబడే బొమ్మ వద్దు. ఏ4 సైజు, స్పైరల్ బైండింగ్, అట్ట మీద ‘ఫిజిక్స్: ఇంపార్టెంట్ క్వశ్చన్స్’ అని వెయ్యండి. వార్డెన్ తనిఖీలో దొరికినా భయం లేదు. సెక్షన్ మొత్తానికీ తనే జిరాక్స్ తీయించి పంచుతాడు.