సవరణ: ఎరువుతో పెరిగింది గడ్డి, రకాలు కాదు

ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1856 నుంచి నడుస్తున్న ‘పార్క్ గ్రాస్’ పచ్చిక ప్రయోగం గురించి మొన్న రాస్తూ, ఎరువు వేసిన మడుల్లో మొక్కల రకాలు పెరిగాయన్నాను. అది తప్పు. నేను చూసింది ఎండుగడ్డి దిగుబడి పట్టిక, దాన్నే రకాల లెక్క అనుకున్నాను.

ఆ పరిశోధన కేంద్రం ప్రచురించిన వివరాల ప్రకారం సంగతి పూర్తిగా వేరు. ఏ ఎరువూ వేయని మడుల్లో 40 దాకా రకాలున్నాయి. ఏటా అమ్మోనియం సల్ఫేట్ అనే నత్రజని ఎరువు వేసి, సున్నం వేయని చోట నేల బాగా ఆమ్లంగా మారి రెండు మూడు రకాల గడ్డే మిగిలింది. (ఎరువంటే మేలే అనుకునే అలవాటు నాకూ ఉన్నట్టుంది.)

పోయిన రకాలు ఇక తిరిగి రావని కూడా రాశాను. అదీ తప్పే. 1989లో కొన్ని మడుల్లో నత్రజని ఎరువు ఆపేశాక, అక్కడ రకాలు మళ్లీ పెరిగాయి.

పాత పోస్టు షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా పెట్టండి.