మంగళవారం రాత్రి 630 కిలోమీటర్లు

ఇంగ్లండ్ ఉత్తరపు కొసన, స్కాట్లండ్ సరిహద్దు దగ్గర కార్లైల్ అనే ఊరుంది. నైరుతి మూలన సముద్రం ఒడ్డున ప్లిమత్ ఉంది. రెండింటి మధ్య రోడ్డు దూరం సుమారు 390 మైళ్ళు, అంటే దాదాపు 630 కిలోమీటర్లు. మన లెక్కలో హైదరాబాద్ నుంచి విశాఖపట్నం వెళ్ళినంత. ఈ రెండు ఊళ్ళ ఫుట్‌బాల్ క్లబ్బులు ఒకే డివిజన్‌లో ఆడిన సీజన్లు చాలానే ఉన్నాయి.

ఆట మంగళవారం రాత్రి 7:45కి అనుకుందాం. కార్లైల్ అభిమానుల బస్సు ఉదయం పదికల్లా కదలాలి. ఆట ముగిసేసరికి రాత్రి తొమ్మిది నలభై. వెంటనే బస్సెక్కినా ఇల్లు చేరేది తెల్లవారుజామున ఐదింటికి. అక్కడ డ్రైవర్ రోజుకు మామూలుగా 9 గంటలకు మించి బండి నడపకూడదన్న రూలు ఉంది కాబట్టి ఇద్దరు డ్రైవర్లు కావాలి. ఆ ఖర్చూ టికెట్ మీదే పడుతుంది. తొంభై నిమిషాల ఆట కోసం రెండు రోజుల సెలవు పోతుంది. అంతా చేసి 2-0తో ఓడిపోయి తిరిగొస్తారు. మళ్ళీ శనివారం ఇంకో ఊరికి బయల్దేరతారు.

వీళ్ళకు పిచ్చి అనేవాళ్ళున్నారు. నా దృష్టిలో క్లబ్ అంటే వీళ్ళే. అందుకే అడుగుతున్నాను: ఇంత దూరపు ఆటలను వారం మధ్యలో పెట్టడం మానేయాలి.

పరిస్థితి తెలిసిందే. అన్నిటికంటే పైనున్న ప్రీమియర్ లీగ్ కింద మూడు డివిజన్లలో 72 క్లబ్బులు, ఒక్కోదానికి 46 ఆటలు, అందులో 23 బయటి ఊళ్ళలో. 2025లో కార్లైల్ ఇంకో మెట్టు జారి, ఆ మూడింటికీ కింద ఉన్న నేషనల్ లీగ్‌లో పడింది. అదే ఏడాది కార్న్‌వాల్‌లోని ట్రూరో సిటీ కింది నుంచి ఆ లీగ్‌లోకి వచ్చింది. ట్రూరోకి వెళ్ళాలంటే ప్లిమత్ దాటి మరో యాభై మైళ్ళకు పైగా పోవాలి.

లీగ్ పెద్దల వాదన నాకు తెలుసు. ఆగస్టు నుంచి మే మొదటి వారం దాకా 46 శనివారాలు లేవు. పైగా కప్పు పోటీలు, వానకు తడిసి వాయిదాపడే ఆటలు. కొన్ని మంగళవారాలు తప్పవు. ఒప్పుకుంటాను. అయితే ఆ మంగళవారాల్లో ఇరుగుపొరుగు ఊళ్ళ ఆటలు పెట్టవచ్చు కదా? పక్కపక్క ఊళ్ళ క్లబ్బులు ఒకే రోజు సొంత మైదానంలో ఆడొద్దని పోలీసులు అంటే షెడ్యూలు మారుతుంది. క్రిస్మస్ రోజుల్లో అభిమానుల ప్రయాణం తగ్గించడానికి వీలైనంత దగ్గరి ఊళ్ళనే జత కలుపుతారు. అంటే దూరాన్ని లెక్కలోకి తీసుకోవడం ఎలాగో వాళ్ళకు తెలుసు. డిసెంబరులో చేసే పని ఫిబ్రవరిలోనూ చేయమనే అంటున్నాను.

ఇక "ఇంట్లో కూర్చుని చూడొచ్చుగా" అనే మాట. ఈ మూడు డివిజన్ల ఆటలకు 2024-25 నుంచి ఐదేళ్ళకు 93.5 కోట్ల పౌండ్ల టీవీ ఒప్పందం కుదిరింది. ఏటా వెయ్యికి పైగా ఆటలు తెర మీదకు వస్తున్నాయి. ఈ మాట అనేవాళ్ళు 2020ని గుర్తు తెచ్చుకోవాలి. కోవిడ్ వల్ల స్టేడియాలు ఖాళీగా ఉంటే, ముందే రికార్డు చేసిన జనం కేకలను ఆటకు జోడించి ప్రసారం చేశారు. ఆ చప్పుడు లేకపోతే తమ సరుకు వెలవెలబోతుందని టీవీ వాళ్ళే ఒప్పుకున్నారన్నమాట! ఆ చప్పుడు ఇచ్చేవాడు సొంత డబ్బుతో, సొంత సెలవుతో వస్తున్నాడు. బయటి ఊరి అభిమాని టికెట్ 30 పౌండ్లు దాటకూడదని 2016 నుంచి ప్రీమియర్ లీగ్‌లో నియమం ఉంది. కింది డివిజన్లకు అది వర్తించదు. తక్కువ జీతాలవాళ్ళు ఎక్కువగా వెళ్ళే చోటే ఆ రక్షణ లేదు.

ఉద్యోగం కోసం అక్కడ ఉన్న రోజుల్లో నేనూ ఒకసారి అలాంటి బస్సెక్కాను. మైదానంలో ఒక మూల మేం నూట యాభై మందిమి ఉంటాం. అంత తక్కువమంది అరిస్తే ఎవరి గొంతు ఎవరిదో ఆటగాడికి విడివిడిగా వినపడుతుంది. ఓడిపోయాం. ఆట అయ్యాక జట్టు మొత్తం మా వైపు నడిచొచ్చి చప్పట్లు కొట్టింది. ఎడమ బ్యాక్‌గా, అంటే ఎడమ వైపు డిఫెండర్‌గా ఆడిన కుర్రాడు తలెత్తలేకపోయాడు. నా పక్కన కూర్చున్న పెద్దాయన "పర్లేదు నాయనా" అన్నట్టు చెయ్యి ఊపాడు. తెల్లారి ఆరింటికి ఆయన డ్యూటీకి వెళ్ళాలి. బస్సులో కునుకు తీసింది గంటో రెండు గంటలో.

ఆ పెద్దాయన లాంటివాళ్ళు ఏం చేయగలరో లండన్‌లోని వింబుల్డన్ ఫుట్‌బాల్ క్లబ్ కథ చూపించింది. 2002లో ఆ క్లబ్బును దాదాపు 90 కిలోమీటర్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి అనుమతి వచ్చింది. అభిమానులు వెంట వెళ్ళలేదు. ఆ వేసవిలోనే ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో సొంత క్లబ్ పెట్టి, తొమ్మిదో అంచె నుంచి మొదలై 2011లో ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే పైన చెప్పిన 72 క్లబ్బుల్లోకి ఎక్కారు. 2020లో పాత పేట ప్లవ్ లేన్‌కు తిరిగి చేరారు. పేరు, ఆటగాళ్ళు, లీగ్‌లో స్థానం అన్నీ తరలిపోయినా బస్సెక్కే జనం మిగిలారు. క్లబ్ వాళ్ళతోనే ఉండిపోయింది.

వింబుల్డన్ కథ చదివినప్పుడల్లా నాకు మన నగరం గుర్తొస్తుంది. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు బొంబాయి ఫుట్‌బాల్ టోర్నీ రోవర్స్ కప్ గెలిచింది. ఆ నగరం పేరు పెట్టుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ 2019లో, మూతపడ్డ పుణె జట్టు స్థానంలో వచ్చింది. 2021-22లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ట్రోఫీ గెలిచింది. 2025లో ఢిల్లీకి వెళ్ళిపోయింది, పేరూ మారింది. పుణెలో కొందరు బాధపడ్డారు, ఇక్కడా కొందరు బాధపడ్డారు. ఆపగలిగేంత మంది ఎక్కడా లేరు. యజమానులను తిట్టడం తేలిక. గచ్చిబౌలి స్టేడియానికి సిటీ బస్సులో వెళ్ళడమే కష్టమనుకున్న మనం, ఆ జట్టు వెనక గోవాకో కొచ్చికో ఎన్నిసార్లు వెళ్ళాం?

హైదరాబాద్‌లోని మరో జట్టు శ్రీనిధి డెక్కన్ 2022-23లో, 2023-24లో వరసగా, ఐఎస్ఎల్ కింది అంచె అయిన ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. వాళ్ళు కోళికోడ్‌లో గోకులం కేరళతో ఆడిన రోజు నేనూ ఇంట్లోనే ఉన్నాను. మన ఊరి జట్టు ఏదైనా సరే, వచ్చే సీజన్‌లో దూరపు ఆట శనివారం పడితే నేను బయల్దేరతాను. బెంగళూరు మీదుగా రోడ్డు ఉంది. యాభై మంది కలిస్తే ఒక బస్సు నిండుతుంది.