బోర్డు మొత్తం మార్చాలట!

ఇండక్షన్ స్టవ్‌లో ఐజీబీటీ, అంటే లోపలి బోర్డు మీద కరెంటును వేగంగా ఆన్-ఆఫ్ చేసే స్విచ్ లాంటి పార్టు, కాలిపోతుంది. బొటనవేలి గోరంత ముక్క. అదొక్కటి మారిస్తే పోయేదానికి "బోర్డే మార్చాలమ్మా, దానికన్నా కొత్తది కొనుక్కోండి" అంటారు సర్వీస్ సెంటర్‌లో. ఇదేం న్యాయం?

మిక్సీలో కార్బన్ బ్రష్‌లు అరిగితే హన్మకొండ చౌరస్తా దగ్గర మెకానిక్ నిలబెట్టి వేసిచ్చేవాడు. కప్లర్ విరిగినా అంతే. అదే మనిషి ఇప్పుడు స్టవ్ తిప్పి చూసి, "పార్టు మాకివ్వరు మేడం" అని చేతులెత్తేస్తున్నాడు. పని రాక కాదు!

సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే, పార్టు హైదరాబాద్ నుంచి రావాలట. వరంగల్ అంత పెద్ద ఊరికి ఒక్క స్పేర్ పార్టు పెట్టలేరా? అన్నం ఎవరు వండిపెడతారు అప్పటిదాకా?

2022లో కేంద్రం రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు కోసం ఒక పోర్టల్ పెట్టింది. సంతోషం. మరి మా వీధి మెకానిక్ చేతికి ఆ పార్టు ఎప్పుడిస్తారు?