బల్లి కాదు మామ్మా, రిలే
ఆదివారం జరిగింది, ఇవాళ బుధవారం, ఇంకా మా బావ ఫోన్ చేస్తే హలో అనడంలేదు, "టక్ టక్" అని మొదలెడుతున్నాడు.

మాది ఒడిశాలో పర్లాకిమిడి. కరెంట్ పోయి ఫోన్ చేస్తే "ఆసుచి ఆసుచి" అంటారు, వచ్చేస్తోంది అని, ఏది వచ్చేస్తోందో మాత్రం చెప్పరు. 2018లో తిత్లీ తుఫానుకి పోయిందంటే ఒక అర్థముంది, ఇప్పుడు ఎండకీ పోతోంది, మబ్బుకీ పోతోంది, రెండూ లేకపోతే ఏమీ తోచక పోతోంది. బావది ఆంధ్రాలో పాతపట్నం, పట్టుమని పది కిలోమీటర్లు లేదు, మధ్యలో రాష్ట్రం మారుతుందంతే, అక్కడ ఫ్యాన్ తిరుగుతూనే ఉంటాది, అది వీడియో కాల్‌లో మాకు కనపడేలా కూర్చుంటాడాయన. 1936లో ఒడిశాకి గీత గీసినోళ్ళ చెయ్యి కాస్త అటు జరిగుంటే ఈ బాధ లేకపోను అని నాన్న వారానికోసారి అంటాడు.

నాది ఇంట్లోంచి ఉద్యోగం, రౌటర్ ఆగితే నేనూ ఆగిపోతాను. అందుకే కరెంట్ పోయినా రౌటర్ నడిచేలా ఒక బ్యాటరీ డబ్బా పెడదామనుకున్నా. "రెడీమేడ్‌ది దొరుకుతాది కదా బావా, వెయ్యో పదిహేనొందలో పడేస్తే పోలా" అన్నాడు బావ. ఆయన అన్నాడు కాబట్టే కొనలేదు. 12 వోల్టుల 7 ఏహెచ్ (ఒక ఆంపియర్ చొప్పున ఏడు గంటలన్నమాట) సీల్డ్ బ్యాటరీ తెచ్చాను, రౌటర్ అర ఆంపియర్ తాగినా లెక్క ప్రకారం 14 గంటలు, అందులో సగం వచ్చినా మహాభాగ్యం. ఛార్జింగ్‌కి ఎల్ఎం 317 అని వోల్టేజీని అదుపులో పెట్టే చిప్, దాని ప్రీసెట్ మర తిప్పి తిప్పి మీటర్లో 13.8 వోల్టులు చూపించేదాకా అన్నం తినలేదు. బానే ఉంది.

ఇక రిలే, అంటే కరెంటుతో తనంతట తానే అటూ ఇటూ మారే స్విచ్. చక్కెర గడ్డంత నీలం డబ్బా, అయిదు కాళ్ళు. రెండు కాయిల్‌వి, అంటే లోపల అయస్కాంతంలా లాగే తీగచుట్టవి. మిగతా మూడింట్లో ఒకటి కామన్, రౌటర్‌కి కరెంట్ వెళ్ళేది దాన్నుంచే, అది ఇల్లరికపుటల్లుడి టైపు, కాయిల్‌కి కరెంట్ ఉంటే అడాప్టర్ వైపు, లేకపోతే బ్యాటరీ వైపు. ఆ కాయిల్ వైరు అడాప్టర్ దగ్గర అతకాలి. నేను రౌటర్ వైపు అతికాను. ఎందుకంటే అక్కడ సోల్డరింగ్‌కి చోటుంది. ఇంతకు మించి కారణం ఏమీ లేదు. పైగా అటూ ఇటూ మారే ఆ క్షణంలో రౌటర్ ఆగకూడదని కాస్త కరెంట్ దాచుకునే 4700 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి కూడా పెట్టాను, దీని సంగతి తర్వాత.

టెస్ట్ చెయ్యలేదా అని అడక్కండి. మా ఊళ్ళో స్విచ్ తీసి టెస్ట్ చేసే అవసరం ఏముంది, వాళ్ళే తీస్తారు కదా అని ఊరుకున్నా. బుధవారం నుంచి శనివారం దాకా, నాలుగు రోజులు, కరెంట్ కన్నార్పలేదు! డబ్బా హాల్లో బీరువా మీద కూర్చుంది, లడ్డూల అట్టపెట్టెలో పెట్టాను.

ఆదివారం టెక్కలి నుంచి చెల్లికి సంబంధం వాళ్ళు వచ్చారు, తెచ్చింది బావే. పెళ్ళికొడుకు తండ్రి రిటైరైన సైన్స్ మేష్టారు. కాఫీలయ్యాయి. నాన్న గొంతు సవరించుకుని "మరి ఇచ్చిపుచ్చుకోడాలు..." అన్నాడు, అంతే, కరెంట్ పోయింది.

టక్.

అందరం ఆగాం.

టక్. టక్.

"సత్యం" అంది మామ్మ చీకట్లోంచి. చేత్తో నేల మీద కణుపులతో మూడుసార్లు తట్టి "కృష్ణ కృష్ణ" అంది. "బల్లి పలికినాది. ఆదివారం, ఆగ్నేయం. శుభమే." అటువైపు మేష్టారి భార్య కూడా నేల తట్టింది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో చెప్పలేను, రెండు కుటుంబాలూ ఒకే బల్లికి ఒప్పుకున్నాయి, కట్నం మాట కూడా అక్కర్లేదనిపించింది.

టక్. టక్. టక్.

మామూలు బల్లి ఏం చేస్తుంది, ఓ నాలుగైదు సార్లు పలికి దాని పని అది చూసుకుంటుంది. ఇది ఆగదే! మామ్మ లెక్కలో పలుకులు బేసి అయితే మంచిది, సరి అయితే ఆలోచించాలి, ఆ సంగతి తేలాలంటే బల్లి ఆగాలి కదా, ఆగడంలేదు. ఇరవై దాటింది. మామ్మ పలుకు పలుక్కీ తడుతోంది, కణుపులు నొప్పెట్టి చెయ్యి మార్చింది. మేష్టారి భార్య పైకే లెక్కపెడుతోంది, మామ్మ ఇరవైమూడంటే ఆవిడ ఇరవైనాలుగంటోంది, ఎక్కడో ఒకటి తేడా వచ్చింది, ఇద్దరూ తగ్గరు. పక్కింటి మౌసీ గోడ మీంచి "కణ హేలా?" అని, ఏమైందని అరిచింది, మా చెల్లి లోపల గదిలోంచి "ఏటమ్మా అది, ఒప్పుకున్నారా లేదా" అంది, అందరికీ వినబడింది. నాకు అప్పటికే అర్థమైంది. చెమటలు పట్టేశాయి. కానీ ఎలా చెప్తాం, బల్లి కాదండీ అంటే శుభం పోతుంది, బల్లే అంటే మేష్టారు ఊరుకునేలా లేరు, ఎందుకంటే టక్ అన్నప్పుడల్లా రౌటర్ పచ్చ లైట్లు వెలిగి గోడ మీద పడుతున్నాయి, బల్లులకి లైట్లుండవని ఆయనకి తెలుసు.

ఆయన ఫోన్ టార్చి వేసుకుని కుర్చీ ఎక్కారు. లడ్డూ పెట్టె మూత తీసారు. చూసి, దిగకుండా అక్కడే నిలబడి పాఠం మొదలెట్టారు. "బాబూ, ఇది మీరే చేశారా? ఇది కరెంటు బెల్లు కదా. హైస్కూల్ పాఠం." అని, ఆ కాయిల్ వెళ్ళి బ్యాటరీ దగ్గర తింటోందట, ముద్ద నోట్లో పడగానే శక్తొచ్చి కామన్‌ని అడాప్టర్ వైపు లాగేస్తోందట, అక్కడేమో విస్తరి ఖాళీ, ఆకలేసి మళ్ళీ బ్యాటరీ దగ్గరకి. ఆ పెద్ద కెపాసిటర్ లేకపోతే గర్రుమని ఆగకుండా మోగేదట, అది ఉండబట్టి ఇలా తీరిగ్గా బల్లిలా పలుకుతోందట. అంటే నేను జాగ్రత్తపడి పెట్టిన ఒక్క పార్టే నన్ను పట్టించింది. ఆయన చెప్పినదంతా నిజమే, అదే మంట. కుర్చీ దిగి చెప్పొచ్చు కదా.

"మా బావ బల్లిని కూడా ఇంట్లోనే చేసుకుంటాడండీ, బయట కొనడు" అన్నాడు బావ. వాళ్ళందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, ఆయనకేం పోయింది?

కరెంట్ వచ్చింది. టక్ అని ఆఖరిసారి పలికి ఆగింది. ఆ నిశ్శబ్దంలో మామ్మ "211. బేసి. సత్యం" అంది.

"212 అండి" అంది మేష్టారి భార్య.

వాళ్ళు వెళ్ళిపోయి మూడు రోజులైంది, ఫోన్ చెయ్యలేదు. అమ్మ నాతో మాట్లాడ్డంలేదు. వైరు తీసి అడాప్టర్ వైపు అతకడం అయిదు నిమిషాల పని, సోల్డరింగ్ ఐరన్ వేడి చేసి పట్టుకెళ్తే మామ్మ బీరువాకి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది, వాళ్ళు కబురు పెట్టేదాకా దాన్ని కదపడానికి వీల్లేదట. మేష్టారే చెప్పారు కదే అది మిషనని అంటే, "ఎవులు సేస్తే ఏట్రా, పలికినాదా లేదా?" అంటోంది. పోనీ బ్యాటరీ వైరొకటి ఊడదీస్తానన్నా ఒప్పుకోదు.

అందుకే ఇది గబగబా టైప్ చేస్తున్నా, సాయంత్రమైంది, వెలుగు కాస్త ఊగుతోంది, అదిగో, పోయిం

టక్.