జబ్బు రాకముందే కట్టాలి

సార్వత్రిక వైద్యం గురించి ఎక్కడ చర్చ మొదలైనా కాసేపట్లోనే అది ‘ప్రభుత్వమా, ప్రైవేటా’ అన్న గొడవలోకి దిగిపోతుంది. ఒకరు బ్రిటన్‌ను ఆదర్శం అంటారు. ఇంకొకరు అదే బ్రిటన్‌లో ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న లక్షల మందిని చూపించి ‘మీకు కావాల్సింది ఇదేనా’ అని నిలదీస్తారు. ఇద్దరూ చూసింది సగం యూరపే. నెదర్లాండ్స్‌లో ఆరోగ్య బీమా అమ్మేది ప్రైవేటు సంస్థలు. జర్మనీలో చందాలతో నడిచే, స్వయంపాలన గల ఆరోగ్య నిధులు ఉన్నాయి. స్పెయిన్, ఇటలీ, బ్రిటన్‌లలో పన్నుల డబ్బుతో వైద్యం నడుస్తుంది. ఆస్పత్రి ఎవరిది, బిల్లు ఎవరు కడతారు అనే విషయాల్లో ఈ దేశాలకు ఒకదానితో ఒకదానికి పోలికే లేదు. అయినా వీటన్నిటిలోనూ వైద్యం ఖర్చులో ఎక్కువ భాగం జబ్బు రాకముందే, ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే, అందరి దగ్గరా వసూలైపోతుంది. సంస్కరణ అంటే ముందుగా ఈ ఏర్పాటు చేసుకోవడమే. మిగతాది ఆయా దేశాల చరిత్రను బట్టి కుదురుతుంది.

‘అందరి దగ్గరా’ అన్న మాటే చాలామందికి మింగుడుపడదు. బీమా ఇష్టమైతేనే కొనుక్కోవచ్చంటే ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు బయటే ఉండిపోతారు. మిగిలింది ఎక్కువగా రోగులే కాబట్టి ప్రీమియం పెరుగుతుంది, దాంతో ఇంకొందరు తప్పుకుంటారు. చివరికి కంపెనీలు పాత జబ్బులున్నవాళ్లను ఏదో ఒక వంకతో తిప్పి పంపడం మొదలుపెడతాయి. 2006లో నెదర్లాండ్స్ చేసిన చట్టం ఈ చిక్కుముడిని నేరుగా విప్పింది. ప్రాథమిక బీమా ప్రతి ఒక్కరూ తీసుకోవాల్సిందే. వచ్చినవాళ్లను కంపెనీ కాదనకూడదు, జబ్బును బట్టి ప్రీమియం పెంచకూడదు. పిల్లలకు పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ప్రీమియమే లేదు. ఆదాయం తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం భత్యం ఇస్తుంది. రోగులు ఎక్కువగా చేరిన కంపెనీ నష్టపోకుండా ఉమ్మడి నిధి నుంచి అదనంగా డబ్బు వస్తుంది. దాంతో ఆరోగ్యవంతులను ఏరుకుంటే వచ్చే లాభం బాగా తగ్గిపోతుంది.

ఆ చట్టంలో నాకు బాగా నచ్చింది ఒక చిన్న వెసులుబాటు. ఏడాదిలో మొదటి 385 యూరోల ఖర్చు పెద్దవాళ్లు సొంతంగా భరించాలి. కానీ ఫ్యామిలీ డాక్టర్‌ దగ్గరికి వెళితే అయ్యే ఖర్చు ఈ లెక్కలోకి రాదు. డబ్బుకు వెనకాడి మనిషి మొదటిసారి డాక్టర్‌ను కలవడమే వాయిదా వేస్తే, తర్వాత అతనికీ వ్యవస్థకీ ఖర్చు ఎన్నో రెట్లవుతుందని గ్రహించినవాళ్లు పెట్టిన నిబంధన ఇది.

ఇక జర్మనీ. 1883లో కార్మికులకు ఆరోగ్య బీమా తెచ్చిన అప్పటి ఛాన్సలర్ బిస్మార్క్ కరుణామయుడేమీ కాదు. అంతకు ఐదేళ్ల ముందు సోషలిస్టు సంఘాలను నిషేధించిన చేత్తోనే, కార్మికులు వాళ్ల వైపు వెళ్లకుండా ఈ బీమా ఇచ్చాడు. చందాలో కొంత కార్మికుడు, కొంత యజమాని కట్టాలన్న సూత్రం నేటికీ బతికే ఉంది. ఇప్పుడు సాధారణ చందా జీతంలో 14.6 శాతం. ఇద్దరూ చెరి సగం కడతారు. పైన నిధిని బట్టి మారే అదనపు చందా ఉంటుంది. అయితే మొదట్లో ఈ బీమా వర్తించింది జనాభాలో పదో వంతుకే. దేశంలో ఉంటున్న అందరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి అయ్యేసరికి 2009 వచ్చింది. ముందు ఉద్యోగులతో మొదలుపెట్టి మెల్లగా విస్తరిద్దాం అనేవాళ్లు 1883కీ 2009కీ మధ్య ఉన్న దూరాన్ని గుర్తుపెట్టుకోవాలి.

జీతం నుంచి కోసే చందా జీతం ఉన్నవాళ్ల దగ్గరే బాగా నడుస్తుంది. రోజుకూలీలు, చిన్న వ్యాపారులు, ఇంటిపని చేసేవాళ్లు ఎక్కువగా ఉన్నచోట కోయడానికి జీతం చీటీయే ఉండదు. ఈ విషయంలో జర్మనీ కంటే దక్షిణ యూరప్ చెప్పే పాఠం విలువైనది, ఎందుకో గానీ దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇటలీలో ఒకప్పుడు వృత్తిని బట్టి విడివిడిగా ఆరోగ్య నిధులు ఉండేవి. ఎవరి నిధి వాళ్లది, ఎవరికి దక్కే వైద్యం వాళ్లది. అవి ఆస్పత్రులకు బకాయిపడి అప్పుల్లో కూరుకుపోయాయి. 1978 డిసెంబరులో ఇటలీ ఆ పద్ధతికి స్వస్తి చెప్పి జాతీయ ఆరోగ్య సేవను ఏర్పాటు చేసింది. స్పెయిన్ 1986 చట్టంతో అదే దారి పట్టి, క్రమంగా చందాల నుంచి పన్నుల వైపు మళ్లింది. చందా పద్ధతితో బయల్దేరి మధ్యలో దారి మార్చుకోవచ్చని రుజువు చేసిన దేశాలివి.

అందరికీ వైద్యం అంటే అంతా ఉచితం అనుకుంటారు గానీ యూరప్‌లో చాలాచోట్ల రోగి వాటా ఉంటుంది. జర్మనీలో ఆస్పత్రిలో చేరితే రోజుకు 10 యూరోలు, అదీ ఏడాదికి 28 రోజుల వరకే. ఇలాంటి వాటాలన్నీ కలిపినా కుటుంబ వార్షికాదాయంలో 2 శాతం దాటకూడదు, దీర్ఘకాలిక రోగులకైతే 1 శాతం. ఫ్రాన్స్‌లో మామూలు డాక్టర్ ఫీజులో దాదాపు 70 శాతమే ప్రభుత్వ బీమా తిరిగి ఇస్తుంది. క్యాన్సర్, షుగర్ లాంటి జాబితాలోని దీర్ఘకాలిక జబ్బులకు మాత్రం ఆ చికిత్స ఖర్చును ప్రభుత్వ బీమా ధర ప్రకారం నూటికి నూరు శాతం భరిస్తుంది. మనిషిని దివాలా తీయించే ఖర్చుకు గట్టి అడ్డుకట్ట ఉంటే, పదీ ఇరవై యూరోల దగ్గర కాస్త పట్టువిడుపు ఉన్నా ఫరవాలేదు. దానికీ హద్దుంది. డాక్టర్ దగ్గరికెళితే మూడు నెలలకోసారి 10 యూరోలు కట్టాలని 2004లో పెట్టిన రుసుమును జర్మనీ 2013 నుంచి ఎత్తేసింది. రోగులు తగ్గలేదు, డాక్టర్ల దగ్గర కాగితాల పని పెరిగింది.

ఇందుకు భిన్నమైన దారి అమెరికాది. జాతీయాదాయంలో 17 శాతానికి పైగా వైద్యానికే పోస్తున్నా అక్కడ ఇంకా రెండున్నర కోట్ల మందికి బీమా లేదు. జర్మనీ దాదాపు 12 శాతమే ఖర్చుపెట్టి అందరినీ చూసుకుంటోంది. తేడా ప్రధానంగా ధరల్లో ఉంది. యూరప్‌లో మందుకో చికిత్సకో రేటు తేల్చేటప్పుడు బల్లకు ఇవతల మొత్తం దేశం తరఫున ఎవరో ఒకరు కూర్చుంటారు. అమెరికాలో వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌కు మందుల కంపెనీలతో నేరుగా బేరమాడే అధికారం 2022 చట్టంతో గానీ రాలేదు, అదీ కొన్ని మందులకే.

యూరప్‌లో లోపాలు లేవని కాదు. ఇంగ్లండ్‌లో చికిత్స కోసం వేచి ఉన్న కేసులు 2023లో 77 లక్షల దాకా చేరాయి. ఇది పన్నుల పద్ధతి వల్ల వచ్చిన రోగమని విమర్శకులు అంటారు. నా దృష్టిలో అసలు కారణం చాలా ఏళ్లుగా సరిపడా డబ్బు పెట్టకపోవడం, ఆపైన కోవిడ్. జనాభాతో పోల్చి చూస్తే జర్మనీలో ఉన్న ఆస్పత్రి పడకల్లో మూడో వంతే బ్రిటన్‌లో ఉన్నాయి. స్విట్జర్లాండ్‌ది ఇంకో బాధ. అక్కడ ప్రీమియం ఆదాయాన్ని బట్టి ఉండదు. పేదలకు సబ్సిడీ ఉంది, ధనికులకు లెక్కలేదు, నలిగేది మధ్యతరగతి. ప్రీమియం ఆదాయంలో 10 శాతం మించకూడదన్న ప్రతిపాదన కూడా 2024 జూన్ రిఫరెండంలో ఓడిపోయింది.

ఏ నమూనా ఎంచుకున్నా గట్టి ప్రతిఘటన తరచుగా డాక్టర్ల నుంచే వస్తుంది. 1948 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్ ఓటింగ్ పెడితే పదిమందిలో తొమ్మిదిమంది డాక్టర్లు జాతీయ ఆరోగ్య సేవను వ్యతిరేకించారు. ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ వాళ్లతో పోట్లాటకు దిగి ఊరుకోలేదు. స్పెషలిస్టులు ప్రైవేటు ప్రాక్టీసు కొనసాగించుకోవచ్చన్నాడు. ఫ్యామిలీ డాక్టర్లను ప్రభుత్వ జీతగాళ్లుగా మార్చబోమని హామీ ఇచ్చాడు. ఆ ఏడాది జులై 5న సేవ అనుకున్న తేదీకే మొదలైంది. ఆ రాజీల ఖర్చు బ్రిటన్ ఇప్పటికీ కడుతూనే ఉంది. అయినా అది లాభసాటి బేరమేనని నా అభిప్రాయం.