ఇటలీ రాతి మీద చేపల పులుసు

అందం ఎక్కడుంటుందన్న విషయం మీద మన ఆలంకారికులు రసంలో అని కొందరు, రీతిలో అని కొందరు, ధ్వనిలో అని కొందరు శతాబ్దాల పాటు వాదించుకున్నారు గాని, వారిలో ఒక్కరికైనా నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో మూడు పడక గదుల ఫ్లాటు లేకపోవడం వల్ల సరైన సమాధానం అందలేదు. అందం దూరంలో ఉంటుంది. ఒక వస్తువు మన ఊరికి ఎంత దూరంలో పుడితే దానికి అంత అందం. మన జిల్లాలోనే పుట్టే దురదృష్టం పట్టినదైతే కనీసం హైదరాబాదు దాకా వెళ్లి వస్తే దానికీ కొంత సిద్ధిస్తుంది. ఈ సూత్రాన్ని నేను ఊహించి చెప్పడం లేదు. పదవీ విరమణ నాడు చేతికొచ్చిన ప్రావిడెంట్ ఫండ్ సొమ్ముతో, ఏడు నెలల పాటు, సొంత ఇంటి మీద ప్రయోగం చేసి నిర్ధారించుకున్నాను.

ప్రయోగానికి ఆధ్వర్యం వహించినవాడు ఒక ఇంటీరియర్ డిజైనరు. ముప్పై ఏళ్లు నిండని ఆ యువకుడు మొదటి రోజు రాగానే గోడలు కొలవలేదు, కాఫీ పుచ్చుకోలేదు, "సార్, మీ ఇన్‌స్పిరేషన్ ఏంటి?" అని అడిగాడు. మా నాన్న ఇల్లు కట్టినప్పుడు సిద్ధాంతి, మేస్త్రి, అప్పిచ్చే బంధువు ఉంటే సరిపోయింది; స్ఫూర్తి అనే పద్దు అప్పటి ఖర్చుల పుస్తకంలో ఎక్కడా కనబడదు. నేను తడబడుతుండగా మా ఆవిడ ఫోను తీసి, ఆరు నెలలుగా దాచిపెట్టిన మూడు వందల ఫొటోలు ఒక్కొక్కటిగా చూపించింది. సముద్రపు ఒడ్డు మేడలున్నాయి, మంచు కొండల నడుమ కర్ర ఇళ్లున్నాయి. తడి గుడ్డలు ఆరేసిన తీగ గాని, మిక్సీ గాని, పంచాంగం క్యాలెండరు గాని ఒక్కదానిలోనూ కనబడలేదు. మనిషన్నవాడు అసలే లేడు. ఇంటికి అందం రావాలంటే అందులో ఎవరూ కాపురం ఉండకపోవడమే మొదటి షరతని ఆ పూటే గ్రహించాను.

నేలకు ఏ రాయి వేయాలన్న చర్చలో నేను పొరపాటున చీమకుర్తి పేరెత్తాను. ఒంగోలుకు 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న ఆ ఊరి క్వారీల్లో దొరికే రాయిని బ్లాక్ గెలాక్సీ అంటారు. అమావాస్య ఆకాశంలో చుక్కలు పొడిచినట్టు ఆ నల్లరాతిలో బంగారు తళుకులుంటాయి. ఆ తళుకు బ్రాంజైట్ అనే ఖనిజానిదని, నిజానికి అది గ్రానైటే కాదు, గాబ్రో జాతి శిల అని భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు గాని, బిల్లు మీద గ్రానైట్ అని రాస్తేనే లారీ కదులుతుంది గనుక ఆ వివాదంలోకి మనం దిగనక్కరలేదు. డిజైనరు నా వైపు జాలిగా చూసి, "అది బాగా లోకల్ సార్, ఇక్కడ బ్యాంకు మెట్లకు కూడా అదే వేస్తారు" అన్నాడు. ఆ దిమ్మెలే ఓడలెక్కి చైనాకూ ఇటలీకీ పోతున్నాయని, అక్కడ కోసి మెరుగుపెట్టిన పలకలు దొరల వంటగట్ల మీద మెరుస్తున్నాయని చెప్పి చూశాను. "అందుకే సార్, అక్కడైతే బాగుంటుంది" అన్నాడు. నేను ఏడు నెలలు కష్టపడి కనిపెట్టిన సూత్రాన్ని ఆ కుర్రవాడు నాలుగు మాటల్లో చెప్పేశాడని ఒప్పుకోక తప్పదు.

చివరకు మా హాలులోకి ఇటలీ పాలరాయి వచ్చింది. ఆ రాయిని మోసుకొస్తున్న ఓడకు ఎర్ర సముద్రంలో ఎక్కడో చీమకుర్తి దిమ్మెల ఓడ ఎదురుపడి ఉంటుందని, రెండు రాళ్లూ "నువ్వెటు?" అంటే "నువ్వెటు?" అని పలకరించుకుని ఉంటాయని నిద్రపట్టని రాత్రుల్లో అనుకుంటూ ఉంటాను. నిద్రపట్టకపోవడానికి కారణం చదరపు అడుగు ధర. దానిని ఇక్కడ రాస్తే మా బావమరిది చదువుతాడు.

పాలరాయి వెంట ఒక నియమావళి కూడా వచ్చింది. అది సున్నపు జాతి రాయి గనుక పులుపు తగిలితే మెరుపు చచ్చి మచ్చ పడుతుందని, ఆ మచ్చ తుడిస్తే పోదని, కాబట్టి నేల మీద నిమ్మరసం గాని చింతపండు రసం గాని చుక్క కూడా పడరాదని డిజైనరు మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. నెల్లూరు ఇంట్లో చింతపండు పులుసు ఒలకరాదనడం ఉదయగిరి దుర్గం మీద ఎండ పడరాదనడం వంటిది. ఈ జిల్లాలో ఇల్లనేది ప్రధానంగా చేపల పులుసు కాగడానికీ, కాగినదాన్ని పచ్చి మామిడి ముక్కలతో సహా మర్నాటి దాకా మట్టి దాకలో భద్రపరచడానికీ ఏర్పడిన కట్టడం; మనుషులు అందులో పడుకోవడం ఆ తర్వాత వచ్చిన ఆచారం. ఈ సంగతి తెలియక ఆ యువకుడు వంటగదికీ హాలుకూ మధ్యనున్న గోడను పడగొట్టి దానికి ఓపెన్ కిచెన్ అని పేరు పెట్టాడు. ఫొటోల్లోని ఓపెన్ కిచెన్లలో ఒక పళ్ల బుట్ట, ఒక గాజు కూజా మాత్రమే ఉంటాయి గనుక అక్కడ గోడ అవసరం లేదు. మా ఇంట్లో తిరగమోత వేసిన నిమిషానికి వాసన సోఫా దాటి, పరదాలు దాటి, పడక గది బీరువాలోకి చేరుతోంది. మా ఆవిడ వెంకటగిరి జరీ చీర కట్టుకుని పెళ్లికి వెళితే, పక్కన కూర్చున్నవారు మా ఇంట్లో వండినది కొరమీనో బొమ్మిడాయిలో విడమరచి చెప్పగలుగుతున్నారు.

పడమటి గోడ కథ వేరు. ఏటా కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడల్లా పై స్లాబు నుంచి దిగిన చెమ్మ ఆ గోడ మీద శ్రీలంక ఆకారంలో ఒక మచ్చగా స్థిరపడింది. నేను బిల్డరుకు పదిసార్లు ఫోను చేసి విసిగిన మచ్చను డిజైనరు చూసి ముగ్ధుడై, దాన్ని ముట్టుకోవద్దని, అది టెక్స్చరని, జపానులో దీన్ని వాబీసాబీ అంటారని చెప్పాడు. నేను పుస్తకాలు తిరగేస్తే, అరిగినదానిలోనూ అసంపూర్ణమైనదానిలోనూ అందం చూసే ఆ పద్ధతికి 16వ శతాబ్దంలో సెన్ నో రిక్యు అనే తేనీటి గురువు గొప్ప గౌరవం తెచ్చాడని, మోటు మట్టి గిన్నెలను ప్రభువుల ముందు పెట్టి మెప్పించాడని, 1591లో ఆ ప్రభువుల్లో ఒకడే ఆయనను ప్రాణం తీసుకొమ్మని ఆజ్ఞాపించాడని తెలిసింది. డిజైనర్ల బాధ్యత విషయంలో జపాను వారి నిబంధనలు మనకన్నా కొంత కఠినమైనవని దీన్నిబట్టి అర్థమవుతుంది. మా డిజైనరు మాత్రం క్షేమంగా ఉండి, ఎదుటి గోడ బోసిగా ఉందని, దాని మీద కూడా అలాంటి మచ్చనే పెయింటరు చేత నాలుగు రోజులు వేయించాడు. మొదటి శ్రీలంక ఉచితంగా వచ్చింది. రెండోదానికి జీఎస్టీ కూడా పడింది.

ఈశాన్య మూల ఫైబరు బుద్ధుడి తల వెలిసింది. తల మాత్రమే; మొండెంతో సహా కావాలంటే మా బడ్జెట్టు చాలదన్నారు. వైఫై పెట్టె ప్రస్తుతం ఆయన శిరస్సు మీదే ఉంది, సిగ్నల్ అక్కడే బాగా అందుతుందట. ప్రకాశం జిల్లా చందవరంలో, గుండ్లకమ్మ ఒడ్డున, సాతవాహనుల కాలం నాటి బౌద్ధ మహాస్తూపం ఉందని, పొద్దున బయలుదేరితే రాత్రికి తిరిగి రావచ్చని అంటే, అక్కడ ఏసీ ఉంటుందా అని మా అబ్బాయి అడిగాడు. ఆ పక్క గోడకు వాస్తు ప్రకారం పరుగెత్తే ఏడు తెల్ల గుర్రాల పటం వచ్చింది. ఈ గుర్రాలను నెల్లూరులో ఏ వీధిలోనూ ఎవరూ చూసి ఉండరు గనుక అవి అందమైనవి. మూపురం, గంగడోలు, నల్లని కంటి రెప్పలతో నిలబడిన ఒంగోలు గిత్త బొమ్మ పెడదామన్నాను. మన గిత్తల సంతతిని బ్రెజిల్ వారు నెలోర్ అని మన ఊరి పేరుతోనే పిలుచుకుని దేశమంతా పెంచుకుంటున్నారని కూడా చెప్పాను. బ్రెజిల్ నుంచి ఫ్రేము కట్టించి తెప్పిస్తే ఆలోచిద్దామన్నాడు డిజైనరు.

గృహప్రవేశానికి హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనకోడలు అక్కడి ఎగ్జిబిషన్‌లో కొన్న చెక్క గరిటె ఒకటి కానుకగా తెచ్చింది. చేత్తో చెక్కినదని, దీనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉందని చెప్పి, దాని కోసం అందరం లేచి నిలబడేలా చేసింది. అది మా జిల్లా ఉదయగిరి గరిటె. ఇక్కడి నుంచి బస్సెక్కి వెళ్లి తెచ్చుకుంటే అది గరిటె. హైదరాబాదు వెళ్లి వచ్చింది గనుక గాజు పెట్టెలో, లైటు కింద, కళాఖండంగా కొలువు తీరింది. (మేము ఓనమాలు దిద్దిన మార్కాపురం పలక రాయి కూడా ఇదే దారిలో బాల్కనీ గోడకెక్కింది, ఆ బిల్లు చూశాక ఓనమాలు మళ్లీ మరిచిపోయాను.)

అంతా పూర్తయ్యాక, డిజైనరు తన పనితనానికి ఫొటోలు తీసుకోవడానికి సాయంత్రం నాలుగింటికి వస్తానన్న రోజునే బుచ్చిరెడ్డిపాళెం నుంచి మా మేనత్త వచ్చింది. గడప మీది స్టిక్కరు ముగ్గును కాలితో ఒకసారి గీకి చూసి, లోపలికొచ్చి, కూర్చోవడానికి చోటు వెతికి, తెల్ల సోఫాను చూసి భయపడి, పాలరాతి మీద చతికిలబడి, "అబ్బయా, ఆ గోడ చెమ్మగిల్లింది, సున్నమన్నా కొట్టించకూడదా" అంది. అది జపాను పద్ధతి అత్తా అన్నాను. "ఈ గోడా?" అని రెండో శ్రీలంకను చూపించి అడిగింది. నేను మాట మార్చి బజారుకు వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి హాలు మధ్య బల్ల మీద, నీళ్లలో గులాబీ రేకులు తేలడానికి కేరళ నుంచి తెప్పించిన కంచు ఉరళిలో చింతపండు నానుతోంది. రేకులు పారబోసి, శుభ్రంగా తోమి మరీ నానబెట్టింది. గాజు పెట్టె తలుపు తెరిచి ఉంది, ఉదయగిరి గరిటె పులుసు దాకలో తిరుగుతోంది. డిజైనరు కెమెరాతో లోపలికి అడుగుపెట్టి, వాసన పీల్చి, ఫొటోల సంగతి మరిచిపోయి, నేల మీదే కూర్చుని మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మూడో వాయికి అతని కంచంలోంచే పులుసు తొణికి పాలరాతి మీద అరచేతి వెడల్పున పడింది. నేను గుడ్డ తెచ్చి తుడిచేలోపే మెరుపు పోయి మచ్చ తేలింది. అతను ఎంగిలి చెయ్యి పైకెత్తి పట్టుకుని, ముందుకు వంగి, ఆ మచ్చ వైపు చాలాసేపు చూసి, "ప్యాటినా, సార్, వాడకంతో వచ్చే అందం" అన్నాడు. మా మేనత్తకు ఆ మాట సరిగా వినబడక, "తలకాయ ముక్క కావాలా నాయనా" అంటూ వడ్డించింది.