డర్ట్ ర్యాలీ 2.0లో లోపాలున్నాయి, కానీ ఆ పోస్టు చెప్పినవి కాదు

ర్యాలీ గేముల మాట వచ్చినప్పుడల్లా ఒక పోస్టు చేతులు మారుతూ వస్తోంది. దాని సారాంశం ఇది: "డర్ట్ ర్యాలీ 2.0 కొనకండి. స్టీరింగ్ వీల్ లేకపోతే ఆడలేరు, కార్లు ఐస్ మీద జారినట్టు జారిపోతాయి, రోడ్డు పాడవడం ఉత్తి గ్రాఫిక్స్ హంగు. ఉన్న ఒకే ఒక్క మంచి విషయం బోలెడన్ని స్టేజీలు (టైము లెక్కపెడుతూ ఒక్కో కారుగా నడపాల్సిన రోడ్డు ముక్కలు)." ఇందులో తిట్టిందీ తప్పే, పొగిడిందీ తప్పే. కోడ్‌మాస్టర్స్ 2019 ఫిబ్రవరిలో తెచ్చిన ఈ గేమ్ అంటే నాకు చాలా ఇష్టం, అందుకే ఈ నాలుగు మాటలకూ జవాబు చెప్పాలనిపించింది.

ముందుగా స్టీరింగ్ వీల్ సంగతి. కీబోర్డుతో కష్టమే, ఒప్పుకుంటాను, ఎందుకంటే అక్కడ స్టీరింగ్ తిప్పితే పూర్తిగా తిరుగుతుంది, లేకపోతే లేదు, మధ్యలో ఏమీ ఉండదు. కానీ మామూలు గేమ్‌ప్యాడ్ చాలు. కాస్త తిప్పడానికీ పూర్తిగా తిప్పడానికీ తేడా స్టిక్కు పట్టుకుంటుంది, బ్రేకు ఎంత నొక్కాలో ట్రిగ్గరు పట్టుకుంటుంది. స్టీరింగ్ మరీ చురుగ్గా అనిపిస్తే సెట్టింగ్స్‌లో తగ్గించుకోవచ్చు. చాలామంది చేసే పొరపాటు వేరే ఉంది, మొదటిరోజే ఆడి క్వాట్రో ఎస్1 లాంటి గ్రూప్ బి కారు, అంటే 1980లలో ర్యాలీల్లో నడిచిన అతి శక్తివంతమైన తరగతి కారు, ఎక్కేస్తారు. అవి ఎంత ప్రమాదకరమంటే, వరుస ప్రాణనష్టాల తర్వాత 1986తో ప్రపంచ ర్యాలీ నుంచే వాటిని తీసేశారు. అలాంటి కారుతో రెండో మలుపులో చెట్టును గుద్దేసి, వీల్ లేదు కాబట్టి ఇలా అయిందనడం న్యాయమా? మినీ కూపర్ ఎస్‌తోనో లాన్సియా ఫుల్వియాతోనో మొదలుపెట్టండి, రెండూ నెమ్మదైన ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లు, తప్పు చేసినా సర్దుకోవడానికి టైమిస్తాయి.

ఇక జారడం గురించి. పోస్టులో అన్నిటికన్నా అన్యాయమైన మాట ఇదే. కంకర రోడ్డు మీద కారు జారాలి, అసలు ర్యాలీ అంటేనే అది. అర్జెంటీనా స్టేజీలు తీసుకోండి, రోడ్డు ఇరుకు, ఒక పక్క బండరాళ్ళు, వరసగా హెయిర్‌పిన్‌లు, అంటే వెనక్కి తిరిగొచ్చేంత బిగువు మలుపులు. అక్కడ మలుపులోకి వచ్చాక స్టీరింగ్ తిప్పితే కారు వినదు, ముక్కు తిన్నగా పోయి రాయికి తగులుతుంది. అదే మలుపుకి ముందే బ్రేకు నొక్కితే బరువంతా ముందు చక్రాల మీదకి వస్తుంది, వాటికి పట్టు దొరుకుతుంది, వెనక భాగం తేలికపడి పక్కకి తిరుగుతుంది, అప్పుడు యాక్సిలరేటర్ ఇస్తే కారు తనంతట తానే బయటికి లాగుతుంది. ఇది ఒక్కసారి చేతికి అలవాటైతే ఇక ఐస్ అన్న మాట నోట రాదు. పేస్ నోట్స్ కూడా వినాలి మరి, అంటే ముందు రాబోయే మలుపుల గురించి పక్క సీట్లోని కో-డ్రైవర్ చదివి చెప్పే వివరాలు. ఆరు అంటే దాదాపు తిన్నగా పోయే మలుపు, ఒకటి అంటే బాగా బిగువైనది. ఆ నోట్స్ చదివే గొంతు ఫిల్ మిల్స్‌ది, 2003లో పెటర్ సోల్‌బర్గ్ ప్రపంచ ర్యాలీ ఛాంపియన్ అయినప్పుడు పక్క సీట్లో కూర్చున్న మనిషి.

జారడం గురించి ఫిర్యాదు చెయ్యాలంటే తారు రోడ్డు మీద చెయ్యండి, నేనూ సంతకం పెడతాను. స్పెయిన్ స్టేజీల్లో కారు రోడ్డుకి అతుక్కున్నట్టు ఉండదు, తేలుతున్నట్టు ఉంటుంది. ఈ విషయంలో 2004 నాటి రిచర్డ్ బర్న్స్ ర్యాలీ అనే గేమ్, అభిమానులు మోడ్‌లు (సొంతంగా చేసే మార్పులు, చేర్పులు) చేసి బతికించుకుంటున్నది, ఇప్పటికీ మెరుగే.

రోడ్డు పాడవడం హంగు అన్నవాళ్ళు ముందు వరుసలో ఒకసారి, చివర్లో ఒకసారి స్టార్ట్ అయి చూడలేదనుకుంటా. ముందు కార్లు వెళ్ళేకొద్దీ గాడులు లోతవుతాయి, వాటిలో చక్రం పడితే కారు మనం అనుకున్న దారిన పోదు.

స్టేజీలు బోలెడన్న పొగడ్త మాత్రం నాకు మింగుడుపడదు. ఒక్కో దేశానికి పన్నెండు స్టేజీలని లెక్క చూపిస్తారు, కానీ అసలు ఉన్నవి రెండు రోడ్లు. వాటినే సగానికి కోసి, వెనక్కి తిప్పి పన్నెండు చేశారు. మొదట వచ్చిన ఆరు దేశాలకి డెబ్భై రెండు స్టేజీలంటే నిజానికి పన్నెండు రోడ్లన్నమాట. కెరీర్‌లో వారం తిరక్కుండానే ఏ మలుపు దగ్గర ఏ చెట్టుందో నోటికి వచ్చేస్తుంది, అప్పుడిక నోట్స్ వినే పనే ఉండదు, ర్యాలీలో ఉండాల్సిన టెన్షనే పోతుంది. దీనికి తోడు ఫిన్లాండ్, వేల్స్, గ్రీస్, మాంటీ కార్లో లాంటివి 2015 నాటి మొదటి డర్ట్ ర్యాలీలోనే ఉండేవి, వాటికి మెరుగులు దిద్ది మళ్ళీ విడిగా డబ్బు తీసుకుని అమ్మారు. తర్వాత అన్నీ కలిపిన ఎడిషన్ 2020లో వచ్చింది, కొనేవాళ్ళు అదే కొనండి.

పోస్టు అసలు ఎత్తని లోపం ఇంకొకటుంది. మై టీమ్ అనే కెరీర్ మోడ్ ఒంటరిగా ఆడేదే అయినా ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకోదు. నెట్ పోయిన సాయంత్రం టైమ్ ట్రయల్ (గడియారంతో మాత్రమే పోటీ) లాంటి విడి మోడ్‌లతో సరిపెట్టుకోవాలి. డబ్బు పెట్టి కొన్న గేమ్‌లో సగం వాళ్ళ సర్వరు చేతిలో ఉండటం మీద ఆ పోస్టులో ఒక్క వాక్యం లేదు.